హెచ్ పోయిన రిపోర్టు

రక్తం చుక్క చూసి మనిషి పేరు చెప్పగలనని నేనంటే మా డాక్టరు సూర్యప్రకాష్‌గారు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆయన వయసు ముప్పై నాలుగు. నేను మైక్రోస్కోపు ముందు కూర్చోవడం మొదలుపెట్టి ముప్పై మూడేళ్ళు. అమలాపురం గడియారస్తంభం సెంటర్లో మేడమీద ఉన్న మా లాబ్ వాళ్ళ నాన్నగారు పెట్టింది. అప్పట్లో మిషన్లూ లేవు, ఏసీలూ లేవు. కిటికీ పక్కన ఒంటికంటి మైక్రోస్కోపు ఒకటి, దాని కింద చిన్న గుండ్రటి అద్దం. ఆ అద్దాన్ని ఎండకేసి తిప్పి ఆ వెలుగులో రక్తం చూసేవాళ్ళం. మబ్బు పట్టిందంటే రిపోర్టు ఆలస్యం అన్నమాటే.

నా పేరు సుగుణ. మా పేటలో లాబ్ టెక్నీషియన్ కోర్సు చదివిన మొదటి ఆడపిల్లని. మా నాన్న పరాయి చేలల్లో కూలికి వెళ్ళినవాడు. కూతురేం చేస్తుందని ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి రక్తం చదువుద్దండీ" అనేవాడు. ఇదంతా గొప్ప కోసం చెబుతున్నానని మీకనిపిస్తే అనిపించనివ్వండి, గొప్పకే చెబుతున్నాను.

నాలుగేళ్ళ క్రితం కొత్త మిషను వచ్చింది. గొట్టంలో రక్తం పెడితే నిమిషంలో ఇరవై అంకెలు అచ్చేసి ఇస్తుంది. ఉండాల్సినదానికన్నా ఎక్కువుంటే అంకె పక్కన హెచ్ అని, తక్కువుంటే ఎల్ అని ఇంగ్లీషు అక్షరం కొడుతుంది. పాత మైక్రోస్కోపు చెక్కపెట్టెలోకి, ఆ పెట్టె బీరువా మీదకీ వెళ్ళాయి. అయినా నా చేతి అలవాటు పోలేదు. అనుమానమొచ్చిన ప్రతి రక్తాన్నీ గాజుపలక మీద పల్చగా లాగి, రంగు వేసి, కొత్త మైక్రోస్కోపు కింద పెట్టి చూడందే నాకు తోచదు. అరుదైన పలకల్ని తేదీ రాసి దాచుకుంటాను కూడా. "పాత పలకలెందుకండీ సుగుణగారూ, దుమ్ము తప్ప?" అంటారు డాక్టరుగారు. నేను విననట్టు ఊరుకుంటాను.

ఆ దాచుకున్న వాటిలో జాయ్‌ది ఒకటి. ఎనిమిదేళ్ళ కిందటి మాట. తొమ్మిదేళ్ళ పిల్లని వాళ్ళ నాన్న సుందరరావు భుజాన వేసుకుని మేడమెట్లు ఎక్కాడు. మా పేట మనిషే, తాపీపని చేస్తాడు. పిల్ల కాళ్ళు నేల మీద ఆన్చలేకపోతోంది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. కీళ్ళవాతమని మూడేళ్ళుగా ఏవేవో మందులు వాడుతున్నారు. రక్తం తీసి పలక చేసి చూశాను. ఎర్రకణం గుండ్రంగా, మధ్యలో వేలితో నొక్కిన అప్పంలా ఉండాలి. ఆ పిల్ల రక్తంలో కణాలు వంగిపోయి, రెండువైపులా మొనదేలి ఉన్నాయి. అచ్చం కొడవళ్ళు. మా నాన్న చేతిలో చూసిన కొడవలిని ఒక పిల్ల రక్తంలో చూడాల్సి వచ్చిందని నాకు ఆ రోజు చాలా బాధేసింది.

సికిల్ సెల్ అంటారు దాన్ని. ఏజెన్సీ వైపు ఎక్కువగా కనిపిస్తుంది, మా కోనసీమలో తక్కువ. తల్లిలో సగం, తండ్రిలో సగం ఉండి, ఆ రెండు సగాలూ బిడ్డలో కలిస్తే వస్తుంది. సుందరరావుకి గానీ, అతని భార్య మార్తమ్మకి గానీ తమలో ఆ సగం ఉందని పెళ్ళినాటికి తెలియదు. వంగిన కణాలు సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడితే అక్కడికి రక్తం అందదు. ఆ నొప్పి పడ్డవాళ్ళకే తెలుస్తుంది. మా లాబ్ తరఫున కాకినాడ పంపిస్తే, అక్కడి రక్తం జబ్బుల డాక్టరుగారు పరీక్ష చేయించి అదేనన్నారు. అప్పటినుంచీ ఆయనే చూస్తున్నారు.

పద్నాలుగో ఏట ఆ పిల్లకి నొప్పి ఛాతీలోకి ఎక్కింది. కాకినాడలో పదకొండు రోజులు ఊపిరి కోసం కొట్టుకుంది. ఇంకొకసారి ఇలా వస్తే చెప్పలేమని డాక్టరుగారు తల్లిదండ్రులకి మొహమాటం లేకుండా చెప్పేశారు. ఆ తర్వాతే హైడ్రాక్సీయూరియా అనే క్యాప్సూల్, మా వాళ్ళ మాటలో గొట్టం బిళ్ళ, మొదలుపెట్టారు. రోజూ వేసుకోవాలి, మూడు నెలలకోసారి మా దగ్గర రక్తం చూపించుకోవాలి. కొన్ని నెలలకి పిల్ల తేరుకుంది. ఇంటర్ మొదటి సంవత్సరం మొత్తం మీద నొప్పి పేరు చెప్పి ఒక్కరోజు కూడా కాలేజీ మానలేదు. మా పేట పిల్ల సైకిలు తొక్కుకుంటూ లాబ్ ముందునుంచి పోతుంటే, కిటికీలోంచి చూసి నేను చేసిందే ఇదంతా అన్నట్టు మురిసిపోయేదాన్ని.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఆ బిళ్ళ పనిచేస్తుంటే ఎర్రకణాలు సైజులో పెద్దవవుతాయి. మిషను రిపోర్టులో ఎంసీవీ అనే వరస దగ్గర ఆ సైజు పడుతుంది. ఎనభై నుంచి వంద దాకా మామూలు. జాయ్‌ది నూట ఎనిమిది, నూట పది అలా ఉండేది. మిషనుకి ఆ పిల్ల కథేం తెలుసు? వంద దాటింది కాబట్టి పక్కన హెచ్ కొట్టేది. మొదటిసారి హెచ్ వచ్చినప్పుడు కాకినాడ డాక్టరుగారు సంతోషంతో దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. మార్తమ్మ ఆ సున్నా చూసి హడలిపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి రిపోర్టులోనూ ఆవిడ కన్ను ముందు ఆ వరస మీదే పడేది.

"అక్కగారూ, ఈ హెచ్ ఏంటండీ?" అని నన్నొకసారి అడిగింది.

"డాక్టరుగారు చూసుకుంటార్లే మార్తా" అన్నాను. రిపోర్టు ఇవ్వాలి గానీ దాని అర్థం చెప్పకూడదు, అది డాక్టర్ల పని. మా వృత్తిలో నేర్పే మొదటి పాఠం అదే. ఆ పాఠం నాకు బాగానే వచ్చు.

మొన్న సెప్టెంబరులో ఒక గురువారం తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. జాయ్‌కి పదిహేడు నిండాయి. రక్తం తీశాను. పిల్ల ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ ఉండేది, ఆ రోజు నోరు మెదపలేదు. నేను లోపల పలకలకి రంగు వేస్తుండగా కౌంటర్లో రిపోర్టు చేతికిచ్చేశారు. మార్తమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"హెచ్ పోయిందండీ అక్కగారూ. దేవుని మహాకృపండీ. ఎల్లుండి శనివారం మా ఇంటికాడ కృతజ్ఞత కూడిక పెట్టుకున్నామండీ. మీరు తప్పకుండా రావాలండీ."

చేతులకి రంగు ఉంది. "ఆయ్, వస్తాను" అని తలూపాను. వాళ్ళు వెళ్ళిపోయారు. పలక ఆరాక మైక్రోస్కోపు కింద పెట్టాను.

కొడవళ్ళు. ఎక్కడికి జరిపినా మూడో నాలుగో ఉన్నాయి. మూడు నెలల క్రితం పలకలో వెతికితే ఒకటి దొరికేది. మిషను కాగితం తీసి చూశాను. ఎంసీవీ తొంభై ఆరు. పక్కన హెచ్ లేదు. కణాలు చిన్నవైపోయాయి. ఆ పిల్ల బిళ్ళ మానేసిందని, మానేసి కూడా రెండు నెలలు దాటిందని నాకు అర్థమైపోయింది.

డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన కాగితం చూసి, "ఎంసీవీ నార్మల్‌కి వచ్చిందిగా, మంచిదేగా?" అన్నారు.

"అందరికీ మంచిదేనండి, ఈ పిల్లకి కాదు. ఈ పిల్లకి మీ మిషను హెచ్ కొట్టలేదంటే అదే ప్రమాదమండి. ఒకసారి లేచి వచ్చి పలక చూడండి."

నా గొంతు పెద్దదైందనుకుంటాను, ఆయన లేచి వచ్చారు. కంటికి ఆనించుకుని చాలాసేపు చూశారు. తర్వాత నవ్వకుండా, "మీరే వాళ్ళకి ఫోన్ చేయండి. నేను కాకినాడకి చేస్తాను" అన్నారు.

ఫోన్ మార్తమ్మే ఎత్తింది. బిళ్ళ వేసుకుంటోందా అని అడిగితే, "పిల్ల బాగుందండీ, హెచ్ పోయింది కదండీ" అంది. మళ్ళీ అడిగాను. "శనివారం సాక్ష్యంలో అన్నీ చెబుతానండీ, మీరు రండి చాలు" అంది. అబద్ధమాడే మనిషి కాదు కాబట్టి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

శనివారం దాకా ఆగడం నా వల్ల కాదు. శుక్రవారం పొద్దున్నే బీరువా మీద పెట్టె దింపించాను. పాత మైక్రోస్కోపు, నా పలకల్లోంచి మూడు, పలక మీద చుక్క వేసే ఆయిల్ సీసా, ఒక మెత్తని గుడ్డ సంచిలో సర్దుకున్నాను. పెట్టెని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని రాజోలు రోడ్డులో ఆటో ఎక్కాను. ఎండ బాగా కాస్తోంది. మా పేటలో కరెంటు ఉన్నా లేకపోయినా నాకు ఇవాళ ఫర్వాలేదు అనుకున్నాను.

సుందరరావు ఇంటి ముందు షామియానా గుంజలు దింపుతున్నారు. వాకిట్లో అద్దెకు తెచ్చిన గుండిగలు బోర్లించి ఉన్నాయి. జాయ్ వీధరుగు మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఎడమ మోచేతిని ఒళ్ళో దాచుకుని, ఒక్క కుడిచేత్తోనే ఒలుస్తోంది.

"మోచెయ్యి ఎన్నాళ్ళనుంచి?" అన్నాను కూర్చోకముందే.

పిల్ల లోపలికి చూసి గొంతు తగ్గించింది. "నాలుగు రోజులనుంచండీ పెద్దమ్మగారూ. అమ్మకి చెప్పకండి. కూడిక అయ్యేదాకా ఓర్చుకుంటాను."

ఆ మాట వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మార్తమ్మ బయటికి రాగానే కుశలప్రశ్నలైనా వెయ్యకుండా, "బిళ్ళ ఎందుకు మాన్పించేవు?" అన్నాను.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని నా ఎదురుగా నేలమీద కూర్చుంది. దాచలేదు, వరసగా చెప్పుకొచ్చింది. పిల్ల కాకినాడలో ఉన్నప్పుడు మొక్కుకుందట. ఒక ఏడాది నొప్పితో ఆసుపత్రిలో చేరకుండా గడిస్తే, సంఘాన్నంతా పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెబుతానని. అలాంటి ఏడాది ఇన్నాళ్ళకి, మొన్న జూన్‌లో నిండింది. సాక్ష్యంలో ఏం చెప్పాలో రాసుకుందామని కూర్చుంది. దేవుడు నా బిడ్డని బాగుచేశాడు అని రాసింది. రాసి గూట్లోకి చూస్తే బిళ్ళల డబ్బా కనిపించింది.

"బిళ్ళ మింగుతా బాగయ్యిందంటే అది అబద్ధ సాక్ష్యం అవదాండీ అక్కగారూ? పదిమంది ముందు, దేవుడి ముందు అబద్ధం ఎలా చెప్పనండీ? అందుకని ముందు బిళ్ళ మాన్పించేను. మానేసినా బాగుంటేనే కదండీ నా మాట నిజం. రెండున్నర నెలలయ్యింది. నొప్పి లేదు. నిన్న హెచ్ కూడా పోయింది. దేవుడే రుజువిచ్చేడనుకున్నానండీ."

నేను తిడదామని వచ్చినదాన్ని. ఏమని తిట్టను? మందు మాన్పించినవాళ్ళని చాలామందిని చూశాను. పథ్యమని, వేడి చేసిందని, పెళ్ళిసంబంధం చెడుతుందని మాన్పిస్తారు. నిజం చెప్పడం కోసం మాన్పించిన తల్లిని చూడటం ఇదే మొదటిసారి. నిప్పులాంటి మనిషి. ఆ నిప్పు మీద చెయ్యి పెట్టి కూర్చుంది మాత్రం పిల్ల.

"లే, నీకొకటి చూపించాలి" అన్నాను.

వాకిట్లో ఎండ పడే చోట స్టూలు వేయించి పెట్టె తెరిచాను. అద్దం తుడిచి సూర్యుడి పక్కనున్న తెల్లటి ఆకాశంకేసి తిప్పాను. కొబ్బరాకు నీడ అడ్డమొస్తుంటే స్టూలు రెండడుగులు జరిపాను. ముందు జాయ్‌ని పిలిచాను, తన రక్తం ముందు తనే చూడాలని. మొదటి పలక, ఎనిమిదేళ్ళనాటిది.

"కొడవళ్ళండీ" అంది పిల్ల మెల్లగా.

రెండోది పోయిన జూన్‌లోది. "గుండ్రంగా ఉన్నాయండీ. పెద్దగా, నిండుగా ఉన్నాయి. ఇవి ఎవరివండీ?"

"నీవే. బిళ్ళ వేసుకుంటున్నప్పటివి."

మూడోది నిన్నటిది. పిల్ల చూసింది. పక్కకి జరిగి వాళ్ళమ్మకి చోటిచ్చింది.

మార్తమ్మకి ఒక కన్ను మూసి చూడటం చేతకాలేదు. కూతురే కుడిచేత్తో తల్లి కన్ను మూసి పట్టుకుంది. మూడు పలకలూ మార్చి మార్చి చూపించాను. మూడోది చూస్తూ మొదటిదాన్ని మళ్ళీ పెట్టమంది. పెట్టాను. రెండూ ఒకేలా ఉన్నాయని ఆవిడకే తెలిసింది, నేను చెప్పక్కర్లేకపోయింది.

"మార్తా, పుట్టినప్పుడు పిల్ల ఎలా ఉండేది?" అని అడిగాను.

"బొద్దుగా ఉండేదండీ. ఎవరూ ఎత్తుకోకుండా వెళ్ళేవారు కాదు. ఎనిమిదో నెల్లో చేతులూ కాళ్ళూ బూరెల్లా పొంగేయండీ. దిష్టి అన్నారు కొందరు. మా అత్తగారు నా పాలే చెడ్డవన్నారు. అప్పుడే పాలు మాన్పించేసేరండీ." పదహారేళ్ళ కిందటి మాట నిన్న జరిగినట్టు చెప్పింది.

అప్పుడు చెప్పాను. ముప్పై మూడేళ్ళలో ఎవరికీ చెప్పనిది, నా పని కాదని ఊరుకున్నది, మా పేట వాకిట్లో స్టూలు పక్కన గొంతుక్కూర్చుని చెప్పాను.

"నీ పాలల్లో ఏం లేదు, విను. ఎర్రకణం లోపల ఎర్రటి సరుకుంటుంది, హిమోగ్లోబిన్ అంటాం. కడుపులో ఉన్నప్పుడు ప్రతి బిడ్డా అది ఒక రకంగా చేసుకుంటుంది. ఫీటల్ హిమోగ్లోబిన్ అని దాని పేరు. పుట్టేక నెలలు గడిచేకొద్దీ అది తగ్గిపోయి పెద్దవాళ్ళ రకం వస్తుంది. జాయ్‌కి వచ్చిన పెద్దరకంలో తేడా ఉంది. ఒంట్లోకి గాలి అందించేసేక అది ఒకదానికొకటి అతుక్కుని పుల్లల్లా బిగుసుకుపోద్ది. దాంతో కణం వంగిపోద్ది. కడుపులో రకం మధ్యలో ఉంటే అంత తేలిగ్గా అతుక్కోనివ్వదు. ఎనిమిదో నెల దాకా నీ పిల్లని కాసింది అదే. అది తగ్గిపోయేక చేతులు పొంగేయి."

మార్తమ్మ కదలకుండా వింటోంది.

"ఈ గొట్టం బిళ్ళ ఆ కడుపులో రకాన్ని మళ్ళీ చేయిస్తుంది. జబ్బుని తీసెయ్యదు, కాపలా పెడుతుందంతే. అది పనిచేస్తుంటే కణం పెద్దదవుద్ది. ఆ పెద్దదవడమే నువ్వు చూసిన హెచ్."

"అంటే హెచ్ ఉండాలాండీ?"

"ఉండాలి. నీ పిల్లకి ఉండాలి."

ఆవిడ నన్ను తిన్నగా చూసింది. "మరి ఆ రోజు అడిగేను కదండీ అక్కగారూ. చెప్పలేదేంటండీ?"

చెప్పకూడదన్నది మా పద్ధతి అనబోయి, ఆ మాట నాకే అసహ్యంగా ఉండి మానేశాను. "తప్పు నాదే మార్తా" అన్నాను. మా నాన్న చెప్పుకున్న రక్తం చదివే కూతుర్ని, చదివి మనసులోనే పెట్టుకున్నాను.

ఆవిడే మళ్ళీ అడిగింది. "నా కడుపులో ఉండగా చేసుకున్నదేనాండీ, ఇప్పుడు బిళ్ళతో చేసుకునేది?"

"అదే రకం. నీ రక్తం కాదు, తన సొంతం. కానీ నీ కడుపులో ఉండి చేసుకుంది."

"అయితే ఆ తొమ్మిది నెలలూ దానికి ఈ నొప్పి లేదన్నమాట."

"లేదు."

ఆవిడ కూతురి ఎడమచేతిని తీసుకుని మోచేతి మీద అరచెయ్యి వేసింది. పిల్ల అదిరిపడింది. అప్పుడు తెలిసింది ఆవిడకి. జాయ్ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

కాకినాడకి ఫోన్ కలిపాను. డాక్టరుగారికి సూర్యప్రకాష్‌గారు ముందే చెప్పి ఉంచారు. అంకెలన్నీ మళ్ళీ చదివించుకుని, నీళ్ళు బాగా తాగించమన్నారు. జ్వరం వచ్చినా, ఛాతీలో నొప్పి అన్నా ఆ క్షణమే తెచ్చెయ్యమన్నారు. బిళ్ళ ఈ రోజునుంచే మొదలుపెట్టి సోమవారం పిల్లని చూపించమన్నారు. మార్తమ్మ అంతా విని, "రేపు కూడికలో వేస్తానండీ" అంది.

"ఇప్పుడెందుకు వెయ్యవు? కూడిక గొప్పదా, పిల్ల గొప్పదా?" అని అరిచేశాను. షామియానా కడుతున్నవాళ్ళు ఇటు తిరిగారు.

"సంఘంలో అందరికీ చెప్పేసేనండీ, బిళ్ళ లేకుండానే బాగుందని. ఈ సాయంత్రం ఇంట్లో తలుపేసుకుని వేస్తే, రేపు నేను వాళ్ళ ముందు ఏం మొహం పెట్టుకుని నిలబడతానండీ? రేపు పన్నెండింటికేనండీ. ఒక్కపూట ఆగండి."

మూర్ఖురాలు అనుకున్నాను. రేపు పదిమంది ముందు పరువుకి భయపడి నోరు మూసుకుంటే ఈ పిల్ల గతేంటి? పెట్టె కట్టుకుని ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఆ పిల్ల మోచెయ్యే కళ్ళముందు ఉంది. ఆ రాత్రి రెండుసార్లు జాయ్‌కి ఫోన్ చేశాను. జ్వరం లేదు, నీళ్ళు తాగుతున్నానండీ అంది రెండుసార్లూ.

శనివారం నేను వెళ్ళేసరికి షామియానా కింద నూటయాభైమంది దాకా ఉన్నారు. పాటలైపోయాయి. పాస్టరు సత్యానందం అయ్యగారు మైకు మార్తమ్మకిచ్చారు. నేను వెనక వరసలో నిలబడ్డాను. జాయ్ తల్లి పక్కన కుర్చీలో, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"అందరికీ వందనాలండీ" అంది మార్తమ్మ. చేతిలో రాసుకున్న కాగితం ఉంది. దాన్ని చూడలేదు. "మా అమ్మాయికి జబ్బు తగ్గిపోయిందని, బిళ్ళ కూడా లేదని మీ అందరికీ చెప్పేనండీ. అది తప్పండీ. జబ్బు ఉంది. బిళ్ళ నేనే మాన్పించేను. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని మాన్పించేను. మాన్పించి అంతకన్నా పెద్ద తప్పు చేసేనండీ. అయిదు రోజులనుంచీ పిల్లకి చెయ్యి నొప్పి. నా మాట పోద్దని నాకు చెప్పలేదు."

ముందు వరసలో కూర్చున్న వాళ్ళత్తగారు తలెత్తి చూసింది.

"నా పాలు చెడ్డవని అన్నారండీ అప్పట్లో. కాదంటండీ. నా కడుపులో ఉన్నన్నాళ్ళూ నా బిడ్డ మంచి రక్తం చేసుకుందంట. ఆ రక్తమే మళ్ళీ చేసుకునేలాగ ఈ బిళ్ళ లేపుద్దంట. దేవుడు కడుపులో ఇచ్చినదాన్ని లేపే బిళ్ళ మింగితే, అది నమ్మకం లేకపోవడం ఎలాగవుద్దండీ? ఏడాదిగా నా బిడ్డ బాగుంది. బిళ్ళతో బాగుంది. ఇదేనండీ నా సాక్ష్యం."

కొంగుముడి విప్పింది. అందులో గొట్టం బిళ్ళ ఉంది. జాయ్ లేచి నిలబడి, అమ్మ చేతిలోంచి తీసుకుని, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుంది. గ్లాసుడు నీళ్ళూ ఆగకుండా తాగేసింది. నేను ఏడిచాను. దాచుకోవాల్సిందేమీ లేదు.

ఎవరో వెనకనుంచి గొణిగారు, మరి కృతజ్ఞత కూడిక ఎందుకు పెట్టినట్టో అని. సత్యానందం అయ్యగారు మైకు తీసుకుని, చొక్కా జేబులోంచి చిన్న డబ్బా ఒకటి బయటికి తీసి గలగలలాడించారు. "ఇందులో షుగరు బిళ్ళలున్నాయండి, బీపీవి కూడా ఉన్నాయి. పొద్దున్నే రెండూ మింగి ప్రసంగానికొచ్చేను. నా ప్రసంగం అబద్ధమనేవాళ్ళుంటే ఇప్పుడే చెప్పండి, కూర్చుంటాను. లేదంటే భోజనాలకి లేద్దాం." ఎవరూ చెప్పలేదు. ఆకలి కూడా దంచేస్తోంది.

మోచేతి నొప్పి ఆ తర్వాత అయిదు రోజుల్లో తగ్గింది. ఛాతీలోకి ఎక్కలేదు. సోమవారం కాకినాడ వెళ్ళారు, ఆ తర్వాత ఒక్క పూట కూడా బిళ్ళ తప్పలేదని జాయ్ నాకు ఫోన్లో లెక్కచెబుతూ ఉండేది.

డిసెంబరు మూడోవారంలో తల్లీకూతుళ్ళు మళ్ళీ మేడమెట్లు ఎక్కారు. జాయ్ ఎప్పటిలాగే వాగుతోంది, కాలేజీ గురించి, సైకిలు చైను గురించి. మార్తమ్మ మాత్రం బెంచీ మీద చేతులు కట్టుకుని, పదో తరగతి ఫలితాల కోసం కూర్చున్నట్టు కూర్చుంది. మిషను కాగితం బయటికి వచ్చింది. పలక చూశాను. పది చోట్ల వెతికితే ఒక్క కొడవలి. ఫీటల్ హిమోగ్లోబిన్ ఎంతుందో కాకినాడలో వేరే పరీక్ష చేశారు. సెప్టెంబరులో పదమూడు శాతానికి పడిపోయినది ఇప్పుడు ఇరవై ఒక శాతం, ఇంకా ఎక్కాలి.

నేను రిపోర్టు పట్టుకుని బయటికి రాగానే మార్తమ్మ లేచి నిలబడింది.

"వచ్చిందాండీ?"

"నూట అయిదు. వచ్చింది."

కాగితం లాక్కుని ఆ వరస మీద వేలు పెట్టుకుంది. "హెచ్" అంది పైకే, ఒకసారి. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు అక్షరాలు ఎన్నో నాకు తెలియదు గానీ, ఆ అక్షరాన్ని అంత ప్రేమగా పలికిన మనిషిని నేనింతవరకు చూడలేదు. "ఎర్ర పెన్ను ఉందాండీ?" అని అడిగి, ఆ అక్షరం చుట్టూ తనే సున్నా చుట్టింది.

నేను కాగితం మళ్ళీ తీసుకుని, ఆ సున్నా పక్కన తెలుగులో రాశాను: "జాయ్‌కి ఇది ఇలాగే ఉండాలి. బిళ్ళ పనిచేస్తున్నదనడానికి గుర్తు." రాసి కింద సుగుణ అని సంతకం పెట్టాను. రిపోర్టు మీద అర్థం రాయడం నాకిదే మొదలు. సూర్యప్రకాష్‌గారు గదిలోంచి వచ్చి, నా భుజం మీదుగా చదివారు. ఏమంటారో అననీ అని నేను సిద్ధంగానే ఉన్నాను. ఆయన నా చేతిలో పెన్ను తీసుకుని, నా సంతకం పక్కన తన సంతకం పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.